పొద్దుగూకేదాకా ఓపిక నిలవాలంటే...

పొద్దున ఎనిమిదింటికి కడుపునిండా తింటాం. పదకొండు కొట్టేసరికి కాళ్ళు లాగుతుంటాయి. ఆవలింతలు వస్తాయి, దేనిమీదా మనసు నిలవదు. ఒక కప్పు టీ పడితే మళ్ళీ కాసేపు చెయ్యి ఆడుతుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కునుకు తీయకపోతే ఉండలేం. సాయంత్రానికి ఇంకో టీ, రెండు బిస్కెట్లు. రాత్రికి మళ్ళీ అన్నం. "తిండికి లోటు లేదు, అయినా ఒంట్లో ఓపిక లేదు" అనే మాట ఆడవాళ్ళ నోట రోజూ వింటూనే ఉంటాం. వయసు మీద పడుతోందనో, ఎండల వల్లనో, దిష్టి తగిలిందనో సరిపెట్టుకుంటాం.

అన్ని నీరసాలకూ తిండే కారణం అనలేం గానీ, చాలావాటికి సమాధానం మన కంచంలోనే ఉంది. ఏ గింజ తింటున్నాం, దానిని ఏ రూపంలో తింటున్నాం, దానికి తోడుగా ఏం వేసుకుంటున్నాం, ఏ వేళకు తింటున్నాం అనే నాలుగు సంగతులు చూసుకుంటే చాలు. ఇందుకు ఖరీదైన డబ్బాలు, పొడులు ఏవీ కొనక్కర్లేదు. మా మార్కాపురం, గిద్దలూరు వైపు మెట్టపొలాల్లో తరతరాలుగా పండిన గింజలూ, పెరట్లో మునగచెట్టూ ఉంటే సగం పని అయినట్లే.

పిండిపదార్థం శత్రువేమీ కాదు

ఈమధ్య ఎక్కడ విన్నా "అన్నం మానేశాను" అనే మాటే. బియ్యం, జొన్నలు, గోధుమలు, దుంపలు, పండ్లు అన్నిటిలోనూ ఉండేది పిండిపదార్థమే. అది కడుపులో అరిగి గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలోకి చేరుతుంది. మెదడుకూ కండరాలకూ అదే ఇంధనం. దానిని పూర్తిగా మానేస్తే ఓపిక ఎక్కడినుంచి వస్తుంది?

చూడవలసిందల్లా ఆ చక్కెర ఎంత వేగంగా రక్తంలోకి చేరుతోందన్నదే. పొయ్యిలో చొప్ప వేస్తే భగ్గున మండి క్షణంలో బూడిదవుతుంది. తుమ్మమొద్దు పెడితే నిదానంగా, నిలకడగా కాలుతుంది. తిండి కూడా అంతే. మైదా, పంచదార, బాగా పాలిష్ పట్టిన బియ్యం త్వరగా అరిగిపోయి రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచుతాయి. దానిని దించడానికి శరీరం ఇన్సులిన్ ఎక్కువగా వదులుతుంది. అలా పెరిగిన చక్కెర దిగిపోయేటప్పుడు చాలామందికి నీరసం, ఆకలి, తీపి మీదికి మనసు పోవడం ఉంటాయి. పీచు ఉన్న గింజలు, పప్పులు నెమ్మదిగా అరుగుతాయి గనుక చక్కెర కొంచెం కొంచెంగా అందుతుంది. ఓపికా అంతసేపు నిలుస్తుంది.

1981లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో డాక్టర్ డేవిడ్ జెంకిన్స్, ఆయన తోటివారు ఈ వేగానికి ఒక కొలత తయారుచేశారు. దానినే గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. గ్లూకోజుకు 100 మార్కులు ఇచ్చి మిగతా ఆహారాలను దానితో పోలుస్తారు. 55, అంతకంటే తక్కువ వస్తే నిదానంగా అరిగేది, 70, అంతకు మించితే తొందరగా అరిగేది అని లెక్క. శనగలు, పెసలు, అలసందలు వంటివి కింది వరుసలో ఉంటాయి. తెల్లబియ్యం రకాన్ని బట్టి మధ్యలోనో పైనో ఉంటుంది. 2015లో హైదరాబాదు రాజేంద్రనగర్ నుంచి విడుదలైన ఆర్.ఎన్.ఆర్. 15048, అంటే తెలంగాణ సోనా వంటి రకాలకు ఈ మార్కు తక్కువే. అంటే బియ్యమంతా ఒక్కటి కాదు.

మన కంచంలోకి తెల్లన్నం ఎలా వచ్చింది?

మార్కాపురం అనగానే అందరికీ గుర్తొచ్చేవి పలకలు, చెన్నకేశవస్వామి గుడి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఈ తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడి తిండిలో రాయలసీమ వాసన ఎక్కువ. వానలు తక్కువ, నేల మెట్ట. విజయనగర రాజుల కాలంనాటి కంభం చెరువు కింద వరి పండేది. మిగతా చోట్ల జొన్న, సజ్జ, కొర్ర, ఆరిక, వరిగ, కంది, ఉలవ. కొర్ర మూడు నెలల లోపే చేతికొస్తుంది. రెండు వానలు సరిగ్గా పడితే చాలు, గింజ రాలుతుంది. నల్లమల అవతల నంద్యాల వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ఏళ్ళ తరబడి కొర్ర మీద పని జరుగుతోంది. సూర్యనంది వంటి కొర్ర రకాలు అక్కడివే.

ఆ రోజుల్లో అన్నం పండగనాటి భోజనం. చుట్టాలొస్తే, పెళ్ళయితే, అమావాస్యకో పున్నానికో వరన్నం వండేవారు. మామూలు రోజుల్లో సంగటి, రొట్టె, కొర్రన్నం. 1983లో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. కరువు ప్రాంతాల్లో ఆ బియ్యం ఎన్ని కుటుంబాల ఆకలి తీర్చిందో చెప్పనలవి కాదు. ఆ మేలు మరిచిపోకూడదు. 1986లో బాపట్ల నుంచి సాంబమసూరి వచ్చాక సన్నన్నం రుచి అందరికీ మరిగింది. జొన్నలు దంచి, విసిరి, రొట్టెలు తట్టే చాకిరీ తప్పిందని ఆడవాళ్ళూ ఊపిరి పీల్చుకున్నారు. అందులో తప్పేముంది? రోకటిపోటు ఎంత కష్టమో దంచినవాళ్ళకే తెలుసు.

అయితే ఒక సంగతి జరిగింది. సంగటి ఉన్నప్పుడు దానికి తోడు పప్పో, ఉలవకట్టో, ఊరుబిండో, మజ్జిగో ఉండేది. తెల్లన్నానికి ఆ పట్టింపు లేదు. ఊరగాయ, కాస్త చారు ఉన్నా గంపెడు అన్నం లోపలికి పోతుంది. గింజ మారడంతో పాటు దాని తోడూ తగ్గిపోయింది. నష్టమంతా అక్కడే వచ్చింది.

ఏ గింజా ఒంటరిగా మేలు చెయ్యదు

ఇది ఊరికే అంటున్న మాట కాదు, చరిత్ర నేర్పిన పాఠం. 1890లలో జావా దీవిలో ఐక్మన్ అనే డచ్చి డాక్టరు పాలిష్ బియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు చచ్చుబడి పడిపోవడం గమనించారు. తవుడు ఉన్న బియ్యం పెడితే లేచి తిరిగాయి. బియ్యం పైపొరలో ఉండే బి-1 విటమిన్ మరలో పోవడమే కారణమని తర్వాత తేలింది. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అదే బెరిబెరి జబ్బు మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనూ ఉండేది. మరపట్టిన పచ్చిబియ్యమే ముఖ్యాహారంగా తినడం వల్లనే అక్కడ ఎక్కువగా ఉందని కూనూరులోని పోషకాహార పరిశోధనశాలవారు చెప్పారు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది.

అయితే జొన్నలు తిన్నవాళ్ళంతా దుక్కల్లా ఉన్నారా? అదీ లేదు. దక్కను ప్రాంతంలో జొన్నలు తప్ప వేరే తిండి లేని పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు లేచేది. నయాసిన్ అనే విటమిన్ లోపం అది. జొన్నలో ల్యూసిన్ ఎక్కువగా ఉండటానికీ దీనికీ సంబంధం ఉందని 1960లో హైదరాబాదు పరిశోధకులు డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా ప్రతిపాదించారు.

చూశారా, బియ్యమొక్కటే తింటే ఒక జబ్బు, జొన్నొక్కటే తింటే ఇంకొకటి. "ఈ ధాన్యం తింటే సర్వరోగాలూ పోతాయి" అని ఎవరు చెప్పినా కాస్త ఆగి ఆలోచించండి. గింజకు తోడు కావాలి.

ఏ గింజలో ఏముంది?

వంద గ్రాముల లెక్కన చూస్తే బియ్యం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర అన్నిటిలోనూ క్యాలరీలు కాస్త అటూఇటూగా ఒక్కటే, 320 నుంచి 360 వరకు. కనుక "కొర్రలు గదా" అని రెండింతలు తింటే బరువు తగ్గదు సరికదా పెరుగుతుంది. తేడా అంతా మిగతా వాటిలో ఉంది.

మాంసకృత్తులు కొర్రల్లో 12 గ్రాములు, సజ్జల్లో 11, జొన్నల్లో 10 ఉంటాయి. బియ్యంలో, రాగుల్లో 7 నుంచి 8 గ్రాముల లోపే. ఇనుము సజ్జల్లో 6 నుంచి 8 మిల్లీగ్రాములు. మరపట్టిన బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. కాల్షియం రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు, బియ్యంలో పది లోపు. మా పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్ళలో బోరునీళ్ళల్లో ఫ్లోరైడు ఎక్కువ. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడు చేసే చెరుపు మరీ ఎక్కువవుతుంది. అందుకని ఈ వైపు ఇళ్ళల్లో రాగులు, నువ్వులు, మునగాకు, మజ్జిగ తప్పనిసరి. అలాగని నీళ్ళ సంగతి మరవకూడదు. శుద్ధిచేసిన నీళ్ళే తాగాలి.

రూపం మారితే గుణం మారుతుంది

గింజ మంచిదే అయినా దానిని మనం ఏం చేస్తున్నామనేది కూడా చూడాలి. గింజ ఎంత మెత్తగా పిండి అయితే అంత త్వరగా అరుగుతుంది. ఎంత పలచగా, ఎంతసేపు ఉడికితే అంత వేగం. రాగిజావ చంటిపిల్లలకు, జ్వరం తగ్గినవాళ్ళకు, ఎండన పడి వచ్చినవాళ్ళకు మంచిదే. 2023 మార్చిలో మన రాష్ట్రంలో సర్కారు బడుల పిల్లలకు రాగిజావ ఇవ్వడం కూడా మొదలుపెట్టారు. కానీ చక్కెర జబ్బు ఉన్నవారు పలచని జావలో బెల్లం కలుపుకుని "రాగులే కదా" అని రోజుకు రెండు గ్లాసులు తాగితే చక్కెర పెరగక మానదు. వారికి జావ కంటే గట్టి సంగటి ముద్ద మేలు. అదీ పప్పుతో, ఆకుకూరతో, మోతాదులో.

ఈమధ్య కొట్లల్లో దొరికే చిరుధాన్యాల బిస్కెట్లు, సేమ్యాలు, నూడుల్సు కొనేముందు వెనకవైపు అచ్చువేసిన దినుసుల జాబితా చదవండి. మొదట ఉన్నది ఎక్కువగా ఉన్నట్టు లెక్క. చాలావాటిలో మైదా, పంచదార ముందుంటాయి, కొర్రో రాగో చివర ఎక్కడో ఉంటుంది.

కొర్రబియ్యానికి పాలిష్ పడితే అవీ తెల్లన్నం తమ్ముళ్ళే అవుతాయి. పసుపు రంగు ఉండి కాస్త మసకగా కనబడేవి కొనండి. తళతళలాడుతూ తెల్లగా ఉంటే పైపొర పోయినట్లే.

ఇక మన సద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి, తెల్లారి ఉల్లిపాయ నంజుకుని తినే అలవాటు మంచిదే. వండిన అన్నం చల్లారితే అందులో కొంత పిండి త్వరగా అరగని రూపంలోకి మారుతుంది. పైగా పులిసినందువల్ల కడుపుకు హాయి. కానీ ఎండాకాలం అన్నాన్ని పొద్దుపోయేదాకా వంటింట్లో వదిలేయకుండా ఆరగానే నీళ్ళు పోసి చల్లని చోట పెట్టాలి. వాసన మారినా, జిగట వచ్చినా పారెయ్యాలి. సద్ది ఒక్క రాత్రిదే, రెండో రాత్రికి ఉంచకూడదు.

కంచంలో ఎంత, ఏది?

జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల ప్రకారం మన రోజువారీ క్యాలరీల్లో ధాన్యాల వాటా నూటికి 45కి మించకూడదు. మన ఇళ్ళల్లో అది 50 నుంచి 70 దాకా ఉంటోంది. రోజుకు 2000 క్యాలరీలు కావలసిన మనిషికి వారు చెప్పిన లెక్క ఇదీ: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు (మాంసాహారులకు గుడ్డు, చేప, మాంసం కలిపి) 85 గ్రాములు, ఆకుకూరలు కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, వేరుశనగ, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె 27 గ్రాములు. ధాన్యాలు, పప్పులు వండకముందు తూకం.

ఇంట్లో తక్కెడ లేదంటారా? కిరాణా కొట్టులో ఒక్కసారి పావుకిలో బియ్యం కట్టించుకుని మీ ఇంటి గ్లాసుతో కొలిచి గుర్తుపెట్టుకోండి. మనిషికి రోజంతటికీ అంతే. మనం ఒక్క పూటకే ఎంత వండుతున్నామో అప్పుడు తెలుస్తుంది. ఎండలో పొలం పని చేసేవారికి ఇంతకంటే ఎక్కువ కావాలి, కూర్చుని పనిచేసేవారికి తక్కువ.

కంచంలో ముందు కూర, పప్పు రెండు ముద్దలు తిని, తర్వాత అన్నంలోకి వెళ్ళండి. తిన్నాక వాకిట్లో పది నిమిషాలు అటూఇటూ నడవండి. ఈ రెండింటివల్లా చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. పైసా ఖర్చు లేదు.

డబ్బుల మాట

చిరుధాన్యాల సంగతి ఎత్తితే మిరపకోతలకు వెళ్ళే ఒకామె అన్న మాట ఇది: "కొర్రలు మంచియ్యే అక్కా, కాదనను. కిలో కొర్రలకు పెట్టే డబ్బుతో మాకు రెండు రోజుల కూరగాయలొస్తయ్. రేషను బియ్యం ఉండంగా అయ్యి యాడ కొనేది?"

ఆమె మాటలో న్యాయం ఉంది. ఒకప్పటి పేదల తిండి ఇప్పుడు బియ్యం కంటే ఖరీదైంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నాల్లో గిరాకీ పెరిగింది, ధర కూడా. కాబట్టి రేషను బియ్యం మీద బతికే ఇంటికి "బియ్యం మానెయ్యండి" అని సలహా ఇవ్వడం మర్యాద కాదు. వారు చెయ్యగలిగినది బియ్యానికి తోడు పెంచుకోవడం. గ్లాసు బియ్యంలో గుప్పెడు పెసలో అలసందలో వేసి పులగంలా వండండి. ఉలవలు అన్నిటికంటే చవక, బలంలో దేనికీ తీసిపోవు. మునగాకు, చింతచిగురు, గోంగూర, వాన పడితే చేలో తనంతట తాను మొలిచే గంగపాయిల, తోటకూర డబ్బు పెట్టకుండానే దొరుకుతాయి. వారానికి రెండు రోజులు సజ్జరొట్టెకో జొన్నసంగటికో వీలు చేసుకుంటే చాలు. చెక్క భూమి ఉన్నవారు కందిలో అంతరపంటగా నాలుగు సాళ్ళు కొర్ర వేసుకుంటే ఇంటికి సరిపడా గింజ వస్తుంది.

ఇంకొక మాట. రేషను బియ్యంలో అక్కడక్కడ రంగు తేడాగా ఉన్న గింజలు కనబడితే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తుంటారు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12 విటమిన్ కలిపి బియ్యప్పిండితోనే తయారుచేసిన గింజలవి. పారేస్తే నష్టం మనకే.

ఆడవాళ్ళ కంచం సంగతి ఏమిటి?

ఇంట్లో అందరికీ పెట్టి, మిగిలింది తినడం మనకు అలవాటు. పప్పు, కూర అందరికీ వడ్డించేసరికి గిన్నె అడుగంటుతుంది. మనకు మిగిలేది అన్నం, ఊరగాయ, మజ్జిగ నీళ్ళు. అంటే ఒంటరి గింజ. పలకల పనికో, మిరపచేనుకో వెళ్ళే ఆడవాళ్ళు తెల్లవారుజామున టీ నీళ్ళు తాగి బయల్దేరి, పదకొండు గంటలకు క్యారియర్ విప్పేదాకా ఏమీ తినరు. ఇక మధ్యలో ఓపిక ఎక్కడిది?

2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైతే ఎన్ని కొర్రలు తిన్నా ఆయాసం, నీరసం పోవు. కనుక నీరసం రోజుల తరబడి ఉంటే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ఇనుము మాత్రలు ఇస్తే మానకుండా వాడండి. సజ్జల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే పైన నిమ్మరసం పిండుకోవాలి, లేదా ఉసిరికాయ నంజుకోవాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటపట్టదు. గంటన్నా ఆగాలి.

చక్కెర జబ్బు సంగతీ చూడండి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నట్టు, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప దాకా వచ్చినట్టు 2023లో వెలువడిన పెద్ద అధ్యయనంలో తేలింది. ఆ గడప దగ్గర ఉన్నవాళ్ళు చాలామంది తిండితో, నడకతో వెనక్కి మళ్ళగలరు. ఇంటిల్లిపాది తిండి మన చేతిలో ఉంది గనుక ఆ అవకాశమూ మన చేతిలోనే ఉంది.

వంట చేసే మనిషి పొద్దున పనిలో దిగకముందే ఏదో ఒకటి తినాలి. రాత్రి నానబెట్టిన గుప్పెడు వేరుశనగ గుళ్ళో, సద్దన్నమో, ఒక రొట్టెముక్కో చాలు. కూర వండగానే మన వాటా ఒక చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టుకోండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఒక రోజు తిండి ఇలా ఉంటే బాగుంటుంది

పొద్దున ఆరు, ఆరున్నరకు: నానిన వేరుశనగ గుళ్ళు గుప్పెడు, లేదా సద్దన్నం మజ్జిగతో.

ఎనిమిదిన్నరకు: సజ్జ మునగాకు రొట్టె, పచ్చడి. లేదా పెసరట్టు. లేదా కూరగాయలు వేసిన జొన్నరవ్వ ఉప్మా.

పదకొండుకు: పల్చటి మజ్జిగ, ఒక జామకాయ.

మధ్యాహ్నం: అన్నమో కొర్రన్నమో మితంగా, ఆకుకూర పప్పు, ఒక కూర, పెరుగు.

సాయంత్రం: ఉలవ గుగ్గిళ్ళు, శనగలు, లేదా బొరుగుల్లో వేరుశనగ పప్పులు, ఉల్లి, టమాట కలిపి.

రాత్రి ఎనిమిది లోపు: జొన్నరొట్టె కూరతో, లేదా సంగటి పప్పుతో. మధ్యాహ్నం కంటే తక్కువ.

మూడు వంటలు

కొర్ర పులగం

కావలసినవి: కొర్రబియ్యం 1 గ్లాసు, పొట్టు పెసరపప్పు అరగ్లాసు, మిరియాలు, జీలకర్ర ఒక్కో చెంచా, అల్లం చిన్న ముక్క, పచ్చిమిర్చి 2, కరివేపాకు రెండు రెబ్బలు, నెయ్యి 2 చెంచాలు, ఉప్పు తగినంత, నీళ్ళు నాలుగున్నర గ్లాసులు.

విధానం: కొర్రబియ్యం, పెసరపప్పు కడిగి రెండు గంటలు నానబెట్టాలి. నానకపోతే పలుకుగా ఉండి కడుపులో బరువుగా ఉంటుంది. కుక్కరులో నీళ్ళు, ఉప్పు వేసి నాలుగు కూతలు రానివ్వాలి. నేతిలో దంచిన మిరియాలు, జీలకర్ర, అల్లం, మిర్చి, కరివేపాకు వేయించి కలపాలి. గోంగూర పచ్చడితోనో, పెరుగు పచ్చడితోనో బాగుంటుంది.

సజ్జ మునగాకు రొట్టె

కావలసినవి: సజ్జపిండి 2 గ్లాసులు, లేత మునగాకు రెండు గుప్పిళ్ళు, ఉల్లిపాయ 1, పచ్చిమిర్చి 3, నువ్వులు 2 చెంచాలు, ఉప్పు, వేడినీళ్ళు, కాల్చడానికి కాస్త నూనె.

విధానం: పిండిలో సన్నగా తరిగిన ఉల్లి, మిర్చి, కడిగిన మునగాకు, నువ్వులు, ఉప్పు వేసి, వేడినీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ చేత్తో బాగా మర్దించాలి. ఎంత మర్దిస్తే అంత విరగకుండా వస్తుంది. తడిగుడ్డ మీద తట్టి పెనం మీద వేసి రెండువైపులా సన్నసెగన కాల్చాలి. తినేటప్పుడు నిమ్మచెక్క పిండుకోండి.

ఉలవ గుగ్గిళ్ళు, కట్టు

కావలసినవి: ఉలవలు 1 గ్లాసు, ఉల్లిపాయ 1, ఎండుమిర్చి 3, ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, ఉప్పు, నిమ్మకాయ అరచెక్క.

విధానం: ఉలవల్లో రాళ్ళు ఏరి, రాత్రంతా నానబెట్టి, కుక్కరులో నాలుగు గ్లాసుల నీళ్ళతో ఎనిమిది కూతలు రానివ్వాలి. నీళ్ళు వంచి దాచండి, పారబోయకండి. గింజలకు తాలింపు పెట్టి ఉల్లి, నిమ్మరసం కలిపితే గుగ్గిళ్ళు. వంచిన కట్టులో చింతపండు రసం, మిరియాలపొడి, వెల్లుల్లి వేసి కాస్తే రాత్రి సంగటిలోకి చారు. ఒక్క ఉడుకుకు రెండు వంటలు!

కొన్ని జాగ్రత్తలు

* సజ్జపిండి త్వరగా చేదెక్కుతుంది. వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోండి.

* ఇన్నాళ్ళూ తెల్లన్నం తిన్నవారు ఒక్కసారిగా మూడుపూటలా కొర్రలు తింటే కడుపు ఉబ్బరం వస్తుంది. వారానికి రెండు పూటలతో మొదలుపెట్టి పెంచుకోండి. నీళ్ళు ఎక్కువ తాగండి.

* చక్కెర మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తిండి మార్చేముందు డాక్టరుగారికి చెప్పండి. తిండి మారితే మందు మోతాదూ మార్చవలసి రావచ్చు. మందులు మీ అంతట మీరు మానవద్దు.

* థైరాయిడ్ ఉన్నవారు సజ్జలను అదేపనిగా రోజూ తినకుండా మార్చి మార్చి తినాలి.

* మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పప్పులు, ఆకుకూరల మోతాదు వేరుగా ఉంటుంది. వారు వైద్యుల మాటే వినాలి.

* పిల్లలు కొర్రన్నం వద్దని మొరాయిస్తే సగం బియ్యం, సగం కొర్రలు కలిపి నిమ్మకాయ పులిహోర చేసి చూడండి. అడిగి మరీ వేయించుకుంటారు.

ఇవన్నీ రేపటికల్లా మార్చుకోవాలని ఎవరూ అనరు. ఈ వారం రెండు పనులు చేసి చూడండి. పొద్దున పనిలో దిగకముందు ఏదైనా తినండి. మధ్యాహ్నం అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు ఒక గరిటె పెంచండి. వారం తిరిగేసరికి పదకొండు గంటల టీ అంతగా గుర్తురాకపోతే వచ్చే వారం సజ్జలు కొనండి. ఇంటి మనిషి ఓపికగా ఉంటే ఇల్లంతా ఓపికగా ఉంటుంది. ఏమంటారు?